ఎదురుచూపు ఖరీదు

1999 ప్రాంతంలో ఇంట్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగకు తగిలించిన మోడెమ్. దాని వేగం పెట్టె మీద సెకనుకు 56 కిలోబిట్లని రాసి ఉండేది. నిజంగా చేతికందేది సెకనుకు అయిదారు కిలోబైట్లు. అలాంటి ఇంటి నుంచి ఒకరు ఏదో వెబ్‌సైట్‌లో 100 కిలోబైట్ల ఫోటో అడిగారనుకుందాం. ఆ ఫోటో సర్వర్ మెమరీలో సిద్ధంగా ఉంటే, దాన్ని తీసి నెట్‌వర్క్‌కు అప్పగించే పనికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. అది మోడెమ్ గుండా ఆ ఇంటికి చేరడానికి మాత్రం 20 సెకన్ల దాకా పడుతుంది. అంటే సర్వర్ ఈ పాఠకుడికి కేటాయించిన కాలంలో ఇరవై వేల వంతుల్లో ఒక వంతు పని చేసింది. మిగిలిన కాలమంతా అవతలివాడు ఎప్పుడు అందుకుంటాడా అని కూర్చుంది.

వెబ్‌సైట్ నెమ్మదిగా ఉంటే మనకు వెంటనే తట్టే ఆలోచన, యంత్రం బలం చాలడం లేదని. ఇంకాస్త పెద్ద సర్వర్ అద్దెకు తీసుకుందాం అంటారు. చాలాసార్లు ఆ యంత్రానికి బలం పుష్కలంగానే ఉంటుంది. ఏ పనీ చేయకుండా కూర్చున్న కాలానికి అది ఎంత మెమరీ చెల్లిస్తోందన్నదే అసలు లెక్క. తేలికపాటి సర్వర్ అని దేన్ని అంటామో, ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మారగానే అదే యంత్రం మీద అదే సైట్ ఎందుకు చురుకుగా మారుతుందో, ఒక్కోసారి ఎందుకు ఏమీ మారదో, అన్నీ ఈ లెక్కలోనే ఉన్నాయి.

లెక్కకు ఒక సూత్రం ఉంది. వరుసల్లో నిలబడేవారి గురించి జాన్ లిటిల్ అనే అమెరికన్ పండితుడు 1961లో రుజువు చేసిన నియమం అది. ఒక చోట సగటున ఎంతమంది ఉంటారంటే, సెకనుకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు అక్కడ ఉండే సెకన్లతో గుణిస్తే సరి. అంతే. సెకనుకు 10 మంది వచ్చి ఒక్కొక్కరు 20 సెకన్లు ఉంటే ఏ క్షణాన చూసినా సర్వర్ దగ్గర 200 మంది ఉంటారు. అదే పదిమంది అరసెకనులో పని ముగించుకుపోతే అక్కడ ఉండేది అయిదుగురే. వచ్చేవారి సంఖ్య మన చేతిలో లేదు. వాళ్ల ఫోన్ వేగమూ మన చేతిలో లేదు. ఉన్న 200 మందిలో ఒక్కొక్కరి కోసం సర్వర్ ఎంత సరంజామా పట్టుకుని కూర్చోవాలన్నది మాత్రం సర్వర్ రాసినవారి చేతిలో ఉంది.

అపాచీ అనే సర్వర్ ఈ ప్రశ్నకు 1995లో ఒక జవాబు చెప్పింది. అది వెబ్ పసితనపు రోజులనాటి జవాబు. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనశాలలో మొట్టమొదటి వెబ్ సర్వర్‌ను నడిపి అప్పటికి నాలుగైదేళ్లే అయింది. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో రాబ్ మెకూల్ రాసిన సర్వర్ అప్పట్లో ఎక్కువమంది వాడేది. 1994లో ఆయన అక్కడి నుంచి వెళ్లిపోవడంతో దాని ఆలనాపాలనా చూసేవారు లేకపోయారు. వాడుతున్నవాళ్లు ఎవరికి తోచిన మరమ్మతు వాళ్లు చేసుకుని, ఈమెయిల్‌లో ఒకరికొకరు పంపుకోసాగారు. 1995 ఫిబ్రవరిలో ఎనిమిది మంది కలిసి ఒక బృందంగా ఏర్పడి ఆ మరమ్మతులన్నీ ఒకచోట చేర్చారు. ఆ ఏడాది డిసెంబరులో అపాచీ 1.0 వచ్చింది. మరో అయిదు నెలలు తిరక్కుండానే ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమంది వాడే వెబ్ సర్వర్ అదే అయింది.

అపాచీ పద్ధతి సూటిగా ఉంటుంది. ఒక కనెక్షన్‌కు ఒక ప్రాసెస్. ప్రాసెస్ అంటే సొంత మెమరీ ఉన్న, నడుస్తున్న ఒక ప్రోగ్రామ్. అపాచీ మొదలవగానే తనలాంటి పిల్ల ప్రాసెస్‌లను కొన్నిటిని ముందుగానే పుట్టించి ఉంచుతుంది. పాఠకుడు వస్తే ఒక పిల్ల అతనికి అంకితమవుతుంది. అతను అడిగింది వింటుంది, ఫైలు తీస్తుంది, పంపుతుంది, పూర్తిగా అందేదాకా అతనితోనే ఉంటుంది. తర్వాతే ఇంకొకరి దగ్గరకు పోతుంది.

దీన్ని తెలివితక్కువ ఏర్పాటని ఈనాడు తీసిపారేయడం అన్యాయం. ఒక పిల్ల ప్రాసెస్ ఏ తప్పు వల్లో కూలిపోతే నష్టపోయేది ఆ ఒక్క పాఠకుడే, పక్కవారికి ఏమీ కాదు. ఎక్కడైనా మెమరీ కొద్దికొద్దిగా కారిపోతుంటే, కొన్ని వందల అభ్యర్థనల తర్వాత ఆ పిల్లను చంపి కొత్తదాన్ని పుట్టిస్తే సరిపోతుంది. ప్రోగ్రామర్ కూడా మొదటి నుంచి చివరిదాకా ఒకే దారిన కోడ్ రాసుకుపోవచ్చు. పీహెచ్‌పీ భాషను సర్వర్ కడుపులోనే కూర్చోబెట్టగలిగారంటే ఈ పద్ధతి ఇచ్చిన భద్రతే కారణం. నెలకు కొద్దిపాటి డబ్బుతో ఒకే యంత్రం మీద వందలమందికి చోటిచ్చే షేర్డ్ హోస్టింగ్ వ్యాపారం, దాని మీద పుట్టిన లక్షల చిన్న సైట్లు, బ్లాగులు, పత్రికలు, అన్నీ అపాచీ చలవే. మామూలు మనుషులకు వెబ్‌లో చోటు ఇచ్చిన సర్వర్ అది. దాని పట్ల నాకు గౌరవం తగ్గలేదు.

తకరారు ఎక్కడొచ్చిందంటే, పీహెచ్‌పీ కడుపులో ఉన్న ప్రతి ప్రాసెస్ బరువెక్కింది. అన్నీ పంచుకునే భాగం పోగా ఒక్కోటి తన కోసమే 30, 40 మెగాబైట్ల మెమరీ పట్టుకోవడం మామూలు. పేజీ తయారు చేయడానికి ఆ బరువు అవసరమే. కానీ అదే ప్రాసెస్ లోగో బొమ్మ పంపేటప్పుడూ అంత బరువుతోనే నిలబడుతుంది. బొమ్మ పంపేశాక, ఈయన ఇంకేమైనా అడుగుతాడేమోనని కొన్ని సెకన్లు కనెక్షన్ తెరిచి ఉంచినప్పుడూ అంతే బరువు. దీన్ని కీప్-అలైవ్ అంటారు. అపాచీలో ఇప్పటి మామూలు గడువు 5 సెకన్లు, పాత రోజుల్లో 15.

ఒక చిన్న సైట్‌ను ఊహించుకుని లెక్క వేద్దాం. ఒక గిగాబైట్ ర్యామ్, ఒకే కోర్ ఉన్న అద్దె సర్వర్. దాని మీద, పీహెచ్‌పీలో రాసిన వర్డ్‌ప్రెస్‌తో నడిచే సాహిత్య పత్రిక. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ డేటాబేస్‌కూ 400 మెగాబైట్లు పోతే మిగిలేది 600. ఒక్కో ప్రాసెస్‌కు 40 చొప్పున పట్టేవి 15 ప్రాసెస్‌లు. ఇప్పుడు పాఠకుడి వైపు చూడండి. పాత తరహా హెచ్‌టీటీపీలో బ్రౌజర్ ఒక సైట్‌కు ఒకేసారి ఆరు కనెక్షన్ల దాకా తెరుస్తుంది, బొమ్మలూ స్టైల్ ఫైళ్లూ పక్కపక్కనే తెచ్చుకోవడానికి. ముగ్గురు పాఠకులు ఒకేసారి వస్తే 18 కనెక్షన్లు. ఉన్నవి 15. మూడో పాఠకుడికే చోటు చాల్లేదు. ఒక్కో కనెక్షన్ కీప్-అలైవ్ గడువుతో కలిపి కనీసం 5 సెకన్లు ప్రాసెస్‌ను పట్టుకుంటే, ఒక్కో పాఠకుడు తినేది 30 ప్రాసెస్-సెకన్లు. 15 ప్రాసెస్‌లతో రెండు సెకన్లకు ఒక పాఠకుడికి మించి ఈ సైట్ తట్టుకోలేదు. గంటకు 1,800 మంది. ఈ మొత్తం కాలంలో ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది.

ఇంతకన్నా ఘోరం, సెట్టింగులు ముట్టుకోకుండా వదిలేస్తే. అపాచీ తనంతట తాను 256 ప్రాసెస్‌ల దాకా పుట్టించుకోవచ్చనుకుంటుంది. 40 చొప్పున 256 అంటే 10 గిగాబైట్లు. యంత్రంలో ఉన్నది ఒకటి. ఏదో వ్యాసం నలుగురి నోళ్లలో పడి జనం ఒక్కసారిగా వచ్చినప్పుడు ప్రాసెస్‌లు పెరుగుతూ పోతాయి, మెమరీ నిండుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ కొన్ని ప్రాసెస్‌ల మెమరీని డిస్కు మీదకు తోయడం మొదలుపెడుతుంది. డిస్కు ర్యామ్ కన్నా వేలరెట్లు నెమ్మది. ఒక్కో పాఠకుడు ఉండే కాలం పెరుగుతుంది. లిటిల్ నియమం ప్రకారం ఉండేవారి సంఖ్య పెరుగుతుంది, దానికోసం ఇంకొన్ని ప్రాసెస్‌లు పుడతాయి, మెమరీ ఇంకా బిగుస్తుంది. సర్వర్ పడిపోయింది అని మనం అనే సంఘటనల్లో చాలావాటి లోపలి కథ ఇదే.

దీన్ని కావాలని కూడా తెప్పించవచ్చని 2009లో రాబర్ట్ హాన్సెన్ అనే భద్రతా నిపుణుడు చూపించాడు. ఆయన రాసిన ప్రోగ్రామ్ పేరు స్లోలోరిస్. అది సర్వర్ మీద భారీగా దాడేమీ చేయదు. కొన్ని వందల కనెక్షన్లు తెరిచి, ఒక్కో దాంట్లో అభ్యర్థనను చాలా నింపాదిగా, అప్పుడొక ముక్క అప్పుడొక ముక్క పంపుతుంది. ముగించదు. అపాచీ ప్రాసెస్‌లు ఒక్కొక్కటే ఆ అసంపూర్తి మాట వింటూ ఇరుక్కుపోతాయి. ఒకే ఒక్క మామూలు కంప్యూటర్, అతి కొద్ది బ్యాండ్‌విడ్త్‌తో పెద్ద సైట్‌ను మూయించగలిగింది. ఎదురుచూడటం ఖరీదైనప్పుడు, ఎదురుచూసేలా చేయడమే ఆయుధం అవుతుంది.

ఈ చిక్కును అంతకు పదేళ్ల ముందే ఒకరు గట్టిగా ప్రశ్నించారు. 1999లో డాన్ కెగెల్ అనే ఇంజనీరు, ఒకే యంత్రం ఒకేసారి పదివేల మందికి సేవ చేయలేదా అని అడిగాడు. ఆ ప్రశ్న సీ10కే అనే పేరుతో స్థిరపడింది. ఆనాటి యంత్రాలకు ఆ శక్తి ఉందని ఆయన వాదన. సాక్ష్యంగా ఒక ఫైళ్ల సర్వర్‌ను చూపించాడు. గిగాబిట్ నెట్‌వర్క్ మీద అది అప్పటికే పదివేల మందికి ఒకేసారి ఫైళ్లు ఇస్తోంది. హార్డ్‌వేర్ సిద్ధంగా ఉంది, మన ప్రోగ్రామ్‌లే వెనకబడ్డాయని దాని సారాంశం.

పదివేల మందికి పదివేల ప్రాసెస్‌లు ఇవ్వలేమన్నది తెలిసిందే. మరి ఒకే ప్రాసెస్ పదివేల మందిని ఎలా చూసుకోవాలి? ఇక్కడ నాకు తెలంగాణ పల్లెల్లోని నీరటి గుర్తొస్తాడు. చెరువు కింద ఆయకట్టంతటికీ నీళ్లు పారించే బాధ్యత ఆయనది. మడి నిండేదాకా గట్టు మీద నిలబడి చూడటం ఆయన పద్ధతి కాదు. ఒక మడికి మడవ తీసి నీళ్లు వదిలి, అది నిండేలోగా ఇంకో మడి దగ్గరకు వెళ్తాడు, నిండినదాని మడవ మూస్తాడు, ఎండినదానికి తీస్తాడు. నీళ్లు పారే పనిని నేల వాలు చేస్తుంది. ఆయన కాలం ఖర్చయ్యేది మడవ తీసే క్షణంలో, మూసే క్షణంలో మాత్రమే. అందుకే ఎన్నో ఎకరాలకు ఒక్క మనిషి చాలేవాడు. మడికొక మనిషిని పెడితే ఊళ్లో జనం చాలరు.

కంప్యూటర్‌లో కూడా ఇది సాధ్యమే, కాకపోతే ఏ కనెక్షన్ సిద్ధంగా ఉందో ఆ ఒక్క ప్రాసెస్‌కు తెలియాలి. యూనిక్స్‌లో అందుకు సెలెక్ట్ అనే పాత సాధనం ఉంది. దాని లోపం ఏమిటంటే, ప్రతిసారీ మొత్తం కనెక్షన్ల జాబితాను ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో పెట్టాలి, అది మొదటి నుంచి చివరిదాకా చూసి ఏవి సిద్ధమో చెప్పాలి. పదివేలల్లో పది మాత్రమే కదిలినా పదివేలూ తడమాల్సిందే. పైగా చాలా సిస్టముల్లో ఆ జాబితాకు 1,024 అనే హద్దు ఉండేది. ఆయకట్టు ఎంత పెరిగితే తిరుగుడు అంత పెరిగే ఈ పద్ధతి పెద్ద సంఖ్యలకు పనికిరాలేదు.

దారి తెరుచుకున్నది ఆపరేటింగ్ సిస్టముల లోపలి నుంచి. 2000లో ఫ్రీబీఎస్‌డీకి జోనాథన్ లెమన్ కేక్యూ అనే సౌకర్యం జోడించాడు. 2002లో లినక్స్‌కు దావిదె లిబెంజి ఈపోల్ అనే దాన్ని జోడించాడు. రెండిటి భావం ఒకటే. నాకు ఈ కనెక్షన్ల మీద ఆసక్తి ఉందని ప్రోగ్రామ్ ఒక్కసారి నమోదు చేసుకుంటుంది. ఆ తర్వాత కదలిక ఉన్నవాటి పేర్లు మాత్రమే ఆపరేటింగ్ సిస్టమ్ చెబుతుంది. పదివేలల్లో పది కదిలితే చేతికి వచ్చేది పది పేర్లు. మౌనంగా ఉన్న 9,990 కనెక్షన్లకు ప్రాసెసర్ కాలం ఖర్చు కాదు. తర్వాత వచ్చిన తేలిక సర్వర్లను చాలావరకు ఈ ఒక్క మార్పు మీదే కట్టారు.

అదే కాలంలో మాస్కోలో ఇగోర్ సిసోయెవ్ అనే సిస్టమ్స్ ఇంజనీరు రాంబ్లర్ అనే రష్యన్ పోర్టల్‌లో పని చేస్తున్నాడు. సోవియట్ రోజుల్లో ఆల్మా-అటాలో పుట్టి, మాస్కోలోని బౌమన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. జనం తాకిడి ఎక్కువైన అపాచీ సర్వర్లను నిలబెట్టడం ఆయన రోజువారీ పని. మొదట అపాచీ ముందు నిలబడి భారం తగ్గించే ఒక మాడ్యూల్ అపాచీ కోసమే రాశాడు. దానితో కొంత సుఖం దొరికింది. పునాదే ఒక కనెక్షన్‌కు ఒక ప్రాసెస్ అయినప్పుడు పైపై మార్పులకు ఒక హద్దు ఉంటుందని తేలాక, 2002లో కొత్త సర్వర్ రాయడం మొదలుపెట్టాడు. 2004 అక్టోబరు 4న, తొలి స్పుత్నిక్ ఆకాశానికెగిరిన తేదీనే, దాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశాడు. అదే ఇంజిన్-ఎక్స్. సీ10కే ప్రశ్నకు జవాబుగానే, అంతకు ఏడాది ముందు, జర్మనీలో యాన్ క్నెష్కె లైటీ అనే ఇంకో తేలిక సర్వర్ రాశాడు. రెండూ కొన్నేళ్లు పక్కపక్కనే ఎదిగాయి. పోనుపోను ఇంజిన్-ఎక్స్ ముందుకు వెళ్లిపోయింది. 2008లో వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ తన సర్వర్ల ముందు దాన్ని నిలబెట్టింది. విడుదలై పదిహేనేళ్లు తిరిగేసరికి సైట్ల లెక్కలో అపాచీని దాటింది. 2019లో దాని కంపెనీని ఎఫ్5 అనే అమెరికన్ సంస్థ 67 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఇంత దూరం వచ్చిన ఆ కోడ్‌ను మొదటి చాలా ఏళ్లు ఒక్క మనిషే రాశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం.

ఇంజిన్-ఎక్స్ మామూలుగా ప్రాసెసర్ కోర్‌కు ఒక వర్కర్ ప్రాసెస్ చొప్పున పెట్టుకుంటుంది. నాలుగు కోర్లుంటే నలుగురు. జనం పెరిగినా వాళ్ల సంఖ్య పెరగదు. ఒక్కో వర్కర్ వేల కనెక్షన్లను ఈపోల్ ద్వారా గమనిస్తూ, ఎవరి నుంచి మాట వస్తే వారికి చేయగలిగినంత చేసి, ఆగాల్సి వచ్చిన చోట ఆ సంగతి చిన్న గుర్తుగా రాసుకుని తర్వాతివారి దగ్గరకు పోతుంది. ఆ గుర్తే ఒక కనెక్షన్ ఖరీదు. ఏ పనీ లేకుండా తెరిచి ఉన్న పదివేల కనెక్షన్లకు సుమారు 2.5 మెగాబైట్లు చాలునని ఇంజిన్-ఎక్స్ రచయితల లెక్క. అంటే ఒక్కో దానికి 250 బైట్లు. అపాచీ ప్రాసెస్‌కు 40 మెగాబైట్లన్నాం. ఈ రోజుల్లో దాదాపు ప్రతి సైట్‌కూ గుప్తీకరణ ఉంటుంది కాబట్టి, దానివల్ల ఒక్కో కనెక్షన్‌కు మరికొన్ని కిలోబైట్లు కలుస్తాయి. అయినా రెండిటి మధ్య దూరం వేలరెట్లలోనే ఉంటుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది. వర్కర్ ఎక్కడా ఆగకూడదు. ఒక అభ్యర్థన దగ్గర అర సెకను లెక్కలో మునిగిపోతే ఆ వర్కర్ మీద ఆధారపడ్డ వేలమంది అర సెకను ఆగిపోతారు. పీహెచ్‌పీ చేసేది సరిగ్గా అదే. డేటాబేస్‌ను అడుగుతుంది, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. అందుకే దాన్ని ఇంజిన్-ఎక్స్ కడుపులో పెట్టలేం, బయట వేరే ప్రాసెస్‌లుగా నడపాలి. పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం అనే ఏర్పాటు ఇందుకే పుట్టింది. 2010లో అది పీహెచ్‌పీ 5.3.3తో అధికారికంగా కలిసింది. ఇంజిన్-ఎక్స్ పాఠకుడి మాట మొత్తం విని, పూర్తయ్యాకే ఎఫ్‌పీఎంకు అందిస్తుంది. ఎఫ్‌పీఎం పేజీ తయారు చేసి, పక్కనే ఉన్న ఇంజిన్-ఎక్స్ చేతిలో క్షణంలో పెట్టేసి చేయి దులుపుకుంటుంది. ఆ పేజీని నెమ్మది ఫోన్‌కు నింపాదిగా పంపే పని ఇంజిన్-ఎక్స్‌ది. 40 మెగాబైట్ల బరువు పని చేసినంతసేపే ఖర్చవుతుంది. ఎదురుచూసే భాగం 250 బైట్లవాడికి పోతుంది. తేలిక సర్వర్‌కు మారడం అంటే ఇదే, బరువైనవాడి నుంచి ఎదురుచూపును తప్పించడం.

మన సాహిత్య పత్రిక దగ్గరకు మళ్లీ వెళ్దాం. అదే ఒక గిగాబైట్ యంత్రం. ముందు ఇంజిన్-ఎక్స్, వెనక పది ఎఫ్‌పీఎం ప్రాసెస్‌లు. బొమ్మలు, స్టైల్ ఫైళ్లు పీహెచ్‌పీ గడప తొక్కకుండానే నేరుగా వెళ్లిపోతాయి. పీహెచ్‌పీ కావలసింది పేజీకి ఒక్కసారే. ఒక పేజీ తయారు చేయడానికి ప్రాసెసర్‌కు 0.2 సెకన్లు పడుతుందనుకుంటే, ఒక కోర్ సెకనుకు అయిదు పేజీలు చేస్తుంది. గంటకు 18,000. ఇందాక 1,800. యంత్రం మారలేదు, అద్దె మారలేదు, పదిరెట్లు పెరిగింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇప్పుడు ఆ సైట్‌కు హద్దు మెమరీ కాదు, నిజమైన పని. ప్రాసెసర్ నిండా పని చేస్తోంది. ఇక్కడి నుంచి ముందుకు పోవాలంటే పనిని తగ్గించాలి.

పత్రికకు వచ్చేవారిలో అత్యధికులు లాగిన్ కాని పాఠకులు. అందరికీ వెళ్లేది ఒకే పేజీ. దాన్ని ప్రతి ఒక్కరికీ మళ్లీ మళ్లీ వండటం దండగ. తయారైన పేజీ నకలు ఒక నిమిషం పాటు దాచి అదే అందరికీ ఇమ్మని ఇంజిన్-ఎక్స్‌కు చెప్పవచ్చు. అప్పుడు నిమిషానికి ఒక్కసారే పీహెచ్‌పీ లేస్తుంది, మిగతా అందరికీ సిద్ధంగా ఉన్న ఫైలు పోతుంది. ఇది సెకనుకు వందల్లోకి తీసుకెళ్లే మెట్టు. జాగ్రత్త ఒకటుంది. లాగిన్ అయినవారి పేజీలను, కొనుగోలు బుట్టలను ఈ దాచే ఏర్పాటు నుంచి తప్పకుండా మినహాయించాలి. మరిచిపోతే ఒకరి వివరాలు ఇంకొకరి తెర మీద కనబడతాయి. నెమ్మది సైట్ కన్నా అది పెద్ద నేరం.

మారేవారు ఒక తేడాకు సిద్ధపడాలి. అపాచీలో ఏ ఫోల్డర్‌లోనైనా చిన్న హెచ్‌టీయాక్సెస్ ఫైలు పెట్టి నియమాలు మార్చుకోవచ్చు. షేర్డ్ హోస్టింగ్‌కు అది ప్రాణం. కానీ దానికోసం అపాచీ ప్రతి అభ్యర్థనకూ పై ఫోల్డర్ నుంచి కింది ఫోల్డర్ దాకా అన్నిచోట్లా ఆ ఫైలు ఉందా అని వెతకాలి, లేకపోయినా సరే. ఇంజిన్-ఎక్స్‌లో ఆ సౌకర్యం లేదు. నియమాలన్నీ ఒకేచోట, సర్వర్ మొదలయ్యేటప్పుడే చదువుతుంది. పాత నియమాలను చేత్తో తిరగరాయాలి. ఈ పనికి ఓపిక లేనివారికి వేరే మార్గం ఉంది. 2012లో వచ్చిన అపాచీ 2.4లో ఈవెంట్ అనే పద్ధతి పక్కాగా కుదురుకుంది. ఖాళీగా తెరిచి ఉన్న కనెక్షన్లను అది కూడా ఒకచోట చేర్చి గమనిస్తుంది. పీహెచ్‌పీని కడుపులోంచి తీసి ఎఫ్‌పీఎంకు అప్పగించి, ఈ పద్ధతికి మార్చుకుంటే సర్వర్ పేరు మారకుండానే చాలా మేలు దొరుకుతుంది. నా దృష్టిలో చాలామందికి అదే మంచి మొదటి అడుగు.

సర్వర్ మార్చినా ఏమీ మారని సైట్లూ ఉన్నాయి. పాఠకుడి తెర మీద పేజీ కనబడటానికి నాలుగు సెకన్లు పడుతోందనుకోండి. అందులో సర్వర్ వాటా 0.3 సెకన్లయితే, ఎంత గొప్ప సర్వర్ పెట్టినా మిగతా 3.7 సెకన్లు అలాగే ఉంటాయి. హైదరాబాద్‌లో ఉన్న పాఠకుడికి న్యూయార్క్ దగ్గరి సర్వర్ నుంచి పేజీ రావాలంటే 13 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. తీగ తిన్నగా వేసి ఉన్నా పోయి రావడానికి 0.13 సెకన్లు. కనెక్షన్ కుదుర్చుకోవడానికీ, గుప్తీకరణ ఒప్పందానికీ, అసలు మాటకూ కలిపి అలా మూడుసార్లు తిరిగితే 0.4 సెకన్లు ప్రయాణానికే పోయాయి. దీనికి ముంబైలోనో హైదరాబాద్‌లోనో సర్వర్ పెట్టుకోవడం తప్ప మందు లేదు. కెమెరాలోంచి నేరుగా ఎక్కించిన అయిదు మెగాబైట్ల ఫోటోకు కూడా సర్వర్ మార్పు మందు కాదు, దాన్ని కుదించాలి. అందుకే మార్చడానికి ముందు కొలవమంటాను. బ్రౌజర్‌లోనే ఉండే నెట్‌వర్క్ పట్టిక తెరిస్తే, ఏ ఫైలుకు ఎంత కాలం, అందులో సర్వర్ జవాబు కోసం ఎంత, దింపుకోవడానికి ఎంత, అన్నీ కనబడతాయి.

తెలుగు సైట్లు నడిపేవారు ఒకటి ప్రత్యేకంగా పట్టించుకోవాలి. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షరానికీ గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. ‘తెలుగు’ అని రాస్తే మూడు హల్లులు, మూడు గుర్తులు, మొత్తం 18 బైట్లు. మన పేజీలు పుట్టుకతోనే బరువు. అయితే ఆ మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది రెండిట్లో ఒకటి. మారేది ప్రధానంగా మూడోది. ఇలా పదే పదే వచ్చేదాన్ని జీజిప్ కుదింపు బాగా నొక్కేస్తుంది. కుదింపు వాడితే ఈ అదనపు బరువులో చాలా భాగం దారిలో కనబడదు. ఇంజిన్-ఎక్స్‌లో ఈ కుదింపు మొదట ఆపి ఉంటుంది, మనమే తెరవాలి. తెరవకపోతే సర్వర్ మార్చిన ఫలితంలో కొంత, పల్లెలో బలహీనమైన సిగ్నల్ మీద చదివే పాఠకుడికి చేరనే చేరదు.

ఇక అందరికీ తెలిసిన రోజు ఒకటుంది, ఇంటర్ ఫలితాల రోజు. ఫలానా గంటకు విడుదల అంటారు. ఆ గంటకు లక్షలమంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, ట్యూషన్ మాస్టార్లు హాల్ టికెట్ నంబర్లతో ఒకే తలుపు తడతారు. మొదటి పది నిమిషాల్లో 5 లక్షల అభ్యర్థనలు వచ్చాయనుకుంటే సెకనుకు 833. ఒక్కో ఫోన్‌కు జవాబు చేరడానికి మూడు సెకన్లు పడితే, లిటిల్ నియమం ప్రకారం ఏ క్షణాన చూసినా 2,500 మంది తలుపు దగ్గర ఉంటారు. పాత పద్ధతిలో ఒక్కొక్కరికి 40 మెగాబైట్లు అంటే 100 గిగాబైట్ల మెమరీ. తిరిగే చక్రం చూస్తూ ఏడ్చే పిల్లలున్న ఆ పది నిమిషాల కోసం అంత యంత్రాన్ని ఎవరూ ఉంచుకోరు. ఈవెంట్ పద్ధతికి 2,500 కనెక్షన్లు లెక్కలోకే రావు. పైగా విడుదలైన ఫలితం ఆ పూటకు మారదు. ఒక్కో విద్యార్థి మార్కుల పేజీని ముందురోజు రాత్రే ఒక ఫైలుగా చేసి పెట్టవచ్చు, డేటాబేస్‌ను అడిగే పనే ఉండదు. ఒక్కో పేజీ 2 కిలోబైట్లనుకుంటే 10 లక్షల మంది ఫలితాలు కలిపి 2 గిగాబైట్లు. ఒక మామూలు ల్యాప్‌టాప్ ర్యామ్‌లో అవన్నీ పట్టగా ఇంకా చోటు మిగులుతుంది.